దేవుని పిడికెడు

ఏసయ్య గుడి ముందర రెండు బస్తాల సన్నబియ్యం దిగాయన్న సంగతి తెల్లారేసరికి ఊరంతా పాకింది. "మనుషులనైతే కొన్నడు, ఇగ దేవుణ్ణి గూడ కిరాయికి మాట్లాడుకుంటడేమో దేవదాసు" అని గుడి పక్కింటి సరోజన బావి దగ్గర నలుగురి ముందు అన్నదట. ఆ మాట మోసుకొచ్చి చెప్పినవాడు ఐలన్న. ఐలన్నకు గొర్రెలూ మేకలే తప్ప గుడితో పనిలేదు. వరసకు దేవదాసు బావమరిది, కోదాడ నుంచి బస్తాలు తెచ్చిన బండి అతనిదే. చెప్పడం చెప్పి, బీడీ వెలిగించుకుని, "అంటే అన్నది గని బావా, గంత సక్కగ మనకు అననొస్తదా?" అని మెచ్చుకున్నాడు కూడా. దేవదాసుకు కోపం రావలసింది. రాలేదు. సొంత చొక్కా జేబులో చెయ్యి పెడితే ఎవరిదో వస్తువు తగిలినట్టయింది. కిరాయి అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. ఎందుకంటే నిన్న బస్తాలు బండికెక్కిస్తున్నప్పుడు అతని లోపల ఎక్కడో ఒక మూల, ఇవి చూస్తే ఎవరూ ఏమీ అడగరులే అన్న ధైర్యం ఉన్నమాట నిజం. ఆ మూల సరోజనకు ఎట్లా కనపడింది? బావిలో చేద వేసే మనిషికి అడుగు ఎంత లోతుందో తెలుస్తుంది కాబోలు.

ఇప్పుడు మొదటి గంట కొట్టారు. గంటంటే గంట కాదు, చూరుకు వేలాడదీసిన పాత బండిచక్రపు ఇనుప కమ్మీ. దాని మోత మొదలు చెవికి, తర్వాత పంటికి తగులుతుంది. దేవదాసు మగవాళ్ల వైపు, ద్వారం పక్కన, చాప చివర కూర్చున్నాడు. కుడి చేతి పిడికిలి ముడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. పిడికిట్లో బియ్యం ఉన్నాయి. పొద్దున్నే తీసినవి. ఆరాధన ముగిసేదాకా తెరవకూడదు. అట్లా అని ఎవరూ చెప్పలేదు, అతనే అనుకున్నాడు, ఏదో ఒకటి కష్టంగా చెయ్యాలని. శుక్రవారం నాడు రామనర్సయ్య అయ్యగారు అన్నదైతే చాలా సులువుగా ఉంది. "నువ్వు బోయి ఎన్నేండ్లాయె దేవదాసూ, అయినా మా సంఘంల పెద్ద గోలేం లేదు. పంట పండుగనాడు దేవుని పిడికెడు దీస్కొని రా. మీ సిన్నమ్మ కుండ పట్టుకుంటది. అండ్ల పొయ్యి. కుండ నీ పిడికెడు పట్టుకుంటే ప్రభువు బల్లకు రా, అందరితోని రొట్టె తిను." అంతే. కుండ నీది పట్టుకుంటే. ఆ మాట అయ్యగారు అలవాటుగా అన్నాడు, దేవదాసుకు మాత్రం అప్పటినుంచి గొంతులో ముల్లులా ఉంది. పట్టుకోకపోతే? అమ్మ కూర్చున్న చాప మీద కూర్చుని, అమ్మ తిన్న బల్ల దగ్గర ఒక్క జొన్నరొట్టె ముక్క తినాలని వచ్చాడు. అదొక్కటీ దొరకకపోతే కోదాడలో తనకున్నదంతా ఏం చేసుకోవాలో అతనికి తెలియదు.

ఉన్నది తక్కువేం కాదు. బెజవాడ రోడ్డు మీద బియ్యం మర, కొత్త ఆయిల్ ఇంజను, పెంకుటిల్లు, ఉంగరం. ఉంగరం కింద ఒక గింజ ఇరుక్కుని వేలిని నొక్కుతోంది. కదిపితే ఇంకా లోపలికి పోతుంది. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టాడు, ఆయన ప్రార్థనలో ఊళ్లో ఈనబోయే బర్రెలతో సహా అందరూ వస్తారు, ఎవరినీ మరవడు. ఎదుట అర్పణకు తెచ్చిన గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోడి, మొక్కజొన్న కంకులు, ఎవరిదో మేకపిల్ల. మేకపిల్ల అరిచినప్పుడల్లా ప్రార్థన ఒక మాట ఆగి మళ్లీ నడుస్తోంది. టుక్ టుక్ టుక్. ఇక్కడ ఇంజను లేదు, అయినా వినపడుతోంది. రాత్రింబవళ్లు విని విని అది అతని నెత్తురులోకి పోయింది. కార్తీకం వెళ్లాక ఒకనాడు పార్వతి అనే కూలామె, కోదాడ అవతలి పల్లె మనిషి, చిన్న మూటెడు వడ్లు పట్టించుకోవడానికి వచ్చింది. ఆడించిన బియ్యం చేటలో చెరిగింది, ఇంటికిపోయి వండుకోవడానికి మూట కట్టబోతూ ఆగి, కళ్లు మూసుకుని, ఒక పిడికెడు తీసి కొంగుకు వేరేగా ముడేసుకుంది. మర దగ్గర కొంగుముళ్లు ఎన్నో చూసిన దేవదాసు, తన బియ్యంలోంచి ఏమన్నా తీసిందేమోనని, "ఏయ్, ఏందది?" అని కసిరాడు. "ఇవి మీవీ గాదండీ, నావీ గాదు. దేవునియి" అంది కోదాడ మాటతీరుతో, భయపడకుండా, నవ్వుతూ. అతను చూశాడు. రెండు పూటలకు సరిపోని బియ్యం అవి. "అండ్ల గూడ దీస్తే ఇగ నీకేం మిగిల్తదే?" అని అడిగాడు, ఎగతాళికే. "మిగలటానికేంటండి, నిండుతుంది" అని పోయింది. ఆ పగలు వేడన్నం, నెయ్యి, గడ్డపెరుగు వేసుకుని తిన్నాడు. భార్య పుష్పలత ఇంకో గరిటె వేసింది. తిన్నాడు. విస్తరి మడిచాక కూడా ఏదో తినలేదనిపించింది. ఆ రోజే కాదు, మరునాడూ అంతే. అప్పుడు లెక్కకు వచ్చింది, ఇది పార్వతి పెట్టిన రోగం కాదు, ఏళ్లనుంచి ఉన్నదే. ఆమె దానికి పేరు పెట్టిపోయింది.

పాట ఎత్తుకున్నారు. ఆడవాళ్ల వైపు నుంచి చిన్నమ్మ లక్ష్మీనర్సమ్మ గొంతు ముందుకొచ్చింది. అమ్మ గొంతుకు చెల్లెలి గొంతు, అదే గరుకు, చివర్లో అదే జారు. అమ్మ జంగమ్మ రోకలి పోటుకు పాట కలిపేది. పోటు పడ్డప్పుడు మాట, లేచినప్పుడు ఊపిరి. దంచి, చెరిగి, మూడు సోలలు కొలిచి చేటలో పోసేది. ఇంటికంతకూ మూడు సోలలు. అందులో ఎక్కువ జొన్నలే, బియ్యం అంటే పండుగే. ఎసరు కాగుతుంటే చేట ముందు పెట్టుకుని, "దా బిడ్డా" అని అతని చిన్న చేతిని పట్టుకుని, కొలిచిన ఆ గింజల్లోంచి ఒక పిడికెడు తీయించి పక్క కుండలో వేయించేది. ఐదారేళ్లుంటాయేమో, ఒకనాడు ఏడ్చాడు. ఆ పిడికెడు తనకు రెండోసారి పెట్టే జొన్నగటక అని వాడికి తెలుసు. "పెద్ద కుండలకెల్లి దియ్యరాదే అమ్మా, గాడ మస్తుగున్నయి గదా" అన్నాడు. అమ్మ నవ్వలేదు, కసరలేదు. "గా పెద్ద కుండలకెల్లి దీస్తే మనకేం తెలుస్తది బిడ్డా?" అంది. ఏం తెలియాలో వాడికి అర్థం కాలేదు. తర్వాత సూర్యాపేటలో బోర్డింగు బడికి పోయాడు, అక్కడ కంచంలో ఎవరో పెట్టేవాళ్లు, తెలుసుకునే పని లేకపోయింది. ఆదివారం ఆదివారం ఆ పిడికెళ్లన్నీ గుడి కాగులోకి చేరేవి. సోమవారం నాడు ఊళ్లో పొయ్యి రాజనివాళ్లకు, మతం అడగకుండా, పంచేవాళ్లు. కాగు కాపలా అమ్మది. గుడి ఊడ్చేది, దీపం పెట్టేది, కాగు చూసుకునేది.

గుడి ఊడ్చే మనిషి.

ఆ మాట దగ్గరికి మనసు ఎప్పుడూ ఇట్లాగే వస్తుంది, దూడ కట్టుకొయ్య దగ్గరికి వచ్చినట్టు. పిడికిట్లో చెమట పట్టింది. రజాకార్ల గొడవ ముదరకముందు, లెవీ గల్లా కాలం, ధాన్యం వసూళ్ల కాలం. రైతు పండించిన దాంట్లో సర్కారుకు ఇంత కొలవాలని హుకుం. మిర్యాలగూడ గల్లా గోదాములో దేవదాసు చిన్న నౌకరు. ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు, వసూళ్లు చూసే గిర్దావరు సాబు గుర్రం వెనకాల నడిచేటప్పుడు తలకు రుమాలు చుట్టుకునేవాడు. దామరచర్ల వైపు పల్లెలన్నీ తిరిగి, ఆ రోజు తన ఊరికే వచ్చారు. ఊరు ఖాళీ. మగవాళ్లు గుట్టల్లోకి పోయారు, గింజలు గోడల్లోకి పోయాయి. పొద్దున్నుంచి తిరిగితే రెండు బండ్లు రావలసిన చోట ఒక సంచి కూడా దొరకలేదు. గిర్దావరు చెమట తుడుచుకుంటూ, "దేవదాస్, యే తుమ్హారా గావ్ హై నా?" అన్నాడు, ఇది నీ ఊరే కదా అని. అంతే అన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. ఎవరన్నా మెడ మీద కత్తి పెట్టారా అని ఆ తర్వాత వెయ్యిసార్లు తనను తాను అడుక్కున్నాడు, పెట్టలేదు. ఆ చూపులో చిన్నబోవడం ఇష్టం లేకపోయింది, అంతే. "గుడిల కాగు ఉంటది సాబ్" అన్నాడు. ఊళ్లో ఎవరూ దాచనిది, దాచాలన్న ఆలోచన కూడా రానిది ఆ ఒక్కటే. దాన్ని చూపించాడు. చప్రాసులు పోయి కాగు బయటికి దొర్లించారు. జొన్నలు, ఎర్రబియ్యం, సజ్జలు, అన్నీ కలిసిన గింజలు, రంగురంగులవి, సంచీలోకి పోసుకున్నారు. అర సంచి కూడా కాలేదు. అమ్మ గుడి ద్వారంలో చీపురుతో నిల్చుంది. మొత్తుకోలేదు. "గింజలు గొంచపోండ్రి గని కుండ ఇడ్సిపెట్టుండ్రి" అంది. గిర్దావరు నవ్వి, "కౌన్ హై యే బుఢ్ఢీ?" అని అడిగాడు. అమ్మ కొడుకు ముఖం చూసింది. అడిగే చూపు కాదది, ఊరికే చూసింది, ఎండలో వచ్చాడు నీళ్లు తాగాడా లేదా అన్నట్టు. "గుడి ఊడ్చే మనిషి సాబ్" అన్నాడు దేవదాసు. అబద్ధం కాదు. అదే దాని దుర్మార్గం. అబద్ధమైతే ఎప్పుడైనా ఒకనాడు దిద్దుకోవచ్చు, ఇది నిజంతోనే చేసిన పని.

బండి కదిలింది. మలుపు తిరిగేలోపు వెనకనుంచి ఒక చప్పుడు వినపడింది. ఖాళీ కాగు అడుగున గింజలు రాలిన చప్పుడు, గలగలమని, పిడికెడంటే పిడికెడే. అమ్మ ఇంటికి పరుగెత్తి, పొద్దుటి చేటలో తను తినబోయేవి తెచ్చి వేసినట్టుంది. ఆ చప్పుడు ఎంత చిన్నదో అంత దూరం వచ్చింది. మిర్యాలగూడ దాకా వచ్చింది. నెల తిరక్కుండా గోదాము మీద పెద్దరికం ఇచ్చినప్పుడు సలాము చేస్తున్న చేతి కింద వినపడింది. కమ్యూనిస్టు సంగపోళ్లు గోదాముల మీద పడుతున్నారని తెలిసి, జగ్గయ్యపేటకు దాటిపోయిన నాడు ఏటి నీళ్లల్లో వినపడింది. మిలిటరీ వచ్చి నిజాం రాజ్యం పోయాక, కోదాడలో మర పెట్టిన రోజు, ఇంజను మొదటిసారి మోగుతుంటే, హమ్మయ్య, ఇక ఈ మోతలో ఏదీ వినపడదు అనుకున్నాడు. అప్పటికే అమ్మ లేదు. మిలిటరీ రాకముందు వానకాలంలోనే పోయింది, అతను ఏటి అవతల జగ్గయ్యపేటలో ఉండగా. చిన్నమ్మ ఐలన్నతో కబురు పంపిన ఒక్క ముక్క ఇదీ: పోయిన నాటి పొద్దున పొయ్యి రాజెయ్యలేదు, జ్వరం, అయినా చేటలో మూడు సోలలు కొలిచి ఉన్నాయి, పక్క కుండలో పిడికెడు తీసి ఉంది. తిననిదాంట్లోంచి కూడా తీసింది. ఆమె ముఖం నిండుగా ఉందట. ఆ ఒక్క మాట మాత్రం అతను నమ్మలేదు, చాలా రోజులు. ఆకలితో ఉన్న మనిషి ముఖం నిండుగా ఎట్లా ఉంటుంది? పార్వతి మూట కట్టుకుని పోతూ నవ్వినప్పుడు చూశాడు, అట్లా ఉంటుందని.

"అర్పణ" అన్నాడు అయ్యగారు. దేవదాసు ఉలిక్కిపడ్డాడు. గంటసేపు వాక్యం చెప్పినట్టున్నాడు, ఒక్క ముక్క చెవికెక్కలేదు, దానికీ సిగ్గనిపించింది. చిన్నమ్మ లేచి కాగు ముందు కూర్చుంది. అదే కాగు. అంచు మీద చప్రాసు దొర్లించినప్పుడు విరిగిన పెచ్చు అట్లాగే ఉంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కొంగుముడి విప్పుతున్నారు. గలగల. గలగల. జొన్నలు, సజ్జలు, దంపుడు బియ్యం. వాకిట్లో అతని రెండు బస్తాలు ఎండలో పడి ఉన్నాయి. వాటిని ఎవరూ తిట్టలేదు, ముట్టలేదు, రాయి పక్కనుంచి నడిచినట్టు నడిచి వచ్చారు. మగవాళ్ల వంతు వచ్చింది. అయ్యగారు తల ఊపాడు. దేవదాసు లేచాడు. కాలు తిమ్మిరెక్కింది. చాపలు దాటుతూ నడుస్తుంటే, పొద్దుటి సంగతి, ఇంతసేపూ పిడికిట్లోనే ఉండి కూడా కనపడనిది, ఎదురుగా వచ్చి నిలబడింది. ఈ బియ్యం ఎక్కడినుంచి తీశాడు? బండిమీద మిగిలిన మూడో బస్తాలోంచి. మూతి విప్పి, చెయ్యి మోచేతి దాకా పెట్టి, పైవి కాకుండా మంచివి చూసి మరీ తీశాడు. అంతకుముందే ఐలన్న ఇంట్లో చల్ది తిన్నాడు, పచ్చిపులుసుతో, రెండుసార్లు పెట్టించుకుని. బస్తాలో పిడికెడు తగ్గితే బస్తాకు తెలియదు, తనకూ తెలియదు. గా పెద్ద కుండలకెల్లి దీస్తే మనకేం తెలుస్తది బిడ్డా. ముప్పై ఏళ్ల తర్వాత, గుడి మధ్యలో, అందరి కళ్ల ముందు అర్థమైంది. వెనక్కి తిరుగుదామనుకున్నాడు. అప్పటికే చిన్నమ్మ తలెత్తి చూస్తోంది.

పిడికిలి విప్పాడు. చెమటకు తడిసి బియ్యం అరచేతికి అంటుకున్నాయి, రాలలేదు. మర పట్టిన తెల్లటి గింజలు, ఆ రంగురంగుల కాగు మీద, నెరిసిన వెంట్రుకల్లా. లక్ష్మీనర్సమ్మ కాగు మూతిమీద చెయ్యి అడ్డం పెట్టింది.

"యాడియిరా ఇవి?"

"నాయే సిన్నమ్మా. మన మరల పట్టినయి. మంచియి."

"మంచియే. కనవడ్తనే ఉన్నది. బస్తలకెల్లి దీసినవా, చేటలకెల్లి దీసినవా?"

ఐలన్న బీడీ చేత్తో పట్టుకుని ద్వారం బయట నిలబడ్డాడు. అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది, చాలా సులువైనది, ఒక్క మాట. అది అలవాటైన దారిలోనే వచ్చింది. దేవదాసు దాన్ని మింగాడు. మింగుతుంటే, గిర్దావరు ముందు మింగవలసింది కూడా ఇదేనని తెలిసింది.

"బస్తలకెల్లి" అన్నాడు. "పొద్దుగాల కడుపునిండ తిన్న. తిన్నంక దీసిన." ఇంకేదో మిగిలింది, అది కడుపులో కాదు, ఇంకా కింద, కాగు అడుగున ఉన్నట్టుంది. "సిన్నమ్మా, ఆనాడు గిర్దావరు అడిగితే నేను జెప్పింది… ఆమె గుడి ఊడ్చే మనిషి గాదు. మా అమ్మ. గుడిల కాగు ఉంటదని జెప్పింది గూడ నేనే."

అన్నాక కూర్చుండిపోయాడు, కాగు పక్కనే, మట్టిలో. ఉంగరం కింది గింజ ఇంకా నొక్కుతూనే ఉంది. ఆశ్చర్యంగా, ఏళ్ల తర్వాత, ఇంజను చప్పుడు ఆగిపోయింది. ఆ ఖాళీలో ఏమీ లేదు, ఏమీ లేకపోవడం మాత్రం నిజంగా ఉంది, ఎసరు కాగుతుంటే చేట ముందు కూర్చున్న పిల్లవాడి ఆకలంత నిజంగా. అతను అరచేయి చూసుకున్నాడు.

"మరి ఇవి ఏం జెయ్యాలె సిన్నమ్మా?"

లక్ష్మీనర్సమ్మ కాగు మీదనుంచి చెయ్యి తియ్యలేదు. రెండో చేత్తో అతని తలమీది దుమ్ము ఒకసారి దులిపింది.

"అమ్మ అని నువ్వు ఇయ్యాల జెప్తే మాకు తెల్వాల్నా? కోళ్లకెయ్యి బిడ్డా అవి. నీకు ఆకలైన నాడు దీస్కొని రా."